ఇప్పుడు నా చెవుల్లో తిరుగుతున్న ఎనిమిది ఆల్బమ్స్

మీరు అడిగింది సూటిగానే ఉంది: ప్రస్తుతం మీ రొటేషన్‌లో ఉన్న రాక్, మెటల్ ఆల్బమ్స్ ఏవి, అవే ఎందుకు అని. కానీ ఇంత పొడుగు సమాధానం రాయాలనిపించింది దాని కింద మీరు చేర్చిన మాట చూశాక. "ప్లేలిస్టుల్లో వింటుంటే అన్నీ ఒకే మోతలా ఉన్నాయి, గ్రౌల్ మొదలవగానే ఆపేస్తున్నాను, నా చెవిలోనే ఏదో లోపం ఉందా" అన్నారు. (గ్రౌల్ అంటే మెటల్ గాయకులు పాడే గరగర గొంతు.) లోపం ఏమీ లేదు. ప్లేలిస్టులో వింటే నాకూ అలాగే వినిపిస్తుంది.

ప్లేలిస్టు చేసేవాళ్లు ప్రతి ఆల్బమ్‌లోంచి బాగా జోరుగా ఉన్న పాటనే ఏరుకుంటారు. ఆల్బమ్‌లో ఆ పాటకు ముందు నిమిషంన్నర పాటు ఒంటరి గిటార్ మోగి ఉంటుంది, లేదా ముందు పాట చల్లారుతూ ముగిసి ఉంటుంది. ఆ ముందు భాగం లేకుండా ముప్పై జోరు పాటలు వరసగా పెడితే పదో పాటకే చెవి మొద్దుబారిపోతుంది. ఆ తర్వాత ఎంత గొప్ప రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) వచ్చినా మనకు పట్టదు.

పాతికేళ్లకు పైగా ఈ సంగీతం వింటున్నాను. ఒకేసారి ఎనిమిది ఆల్బమ్స్ మాత్రమే పెట్టుకుంటాను. వారంలో ఒక్కొక్కటీ కనీసం ఒకసారి మొదటి నుంచి చివరిదాకా, పాటల వరస మార్చకుండా వింటాను. ఏదైనా ఒకటి వింటూ వేరే ఆలోచనలోకి జారిపోతున్నానని గమనిస్తే దాన్ని తీసి పక్కన పెడతాను, దాని స్థానంలోకి కొత్తది వస్తుంది. కొన్ని రెండు వారాల్లో వెళ్లిపోతాయి. కొన్ని ఏడాది దాటినా కదలవు. ఇప్పుడున్న ఎనిమిదింటినీ నేను ఒకే ప్రశ్నతో వింటున్నాను: హెవీ అంటాం కదా, ఆ బరువు నిజంగా ఎక్కడి నుంచి వస్తోంది? వాల్యూమ్ నుంచి కాదని చాలాకాలంగా తెలుసు. మరి ఎక్కడి నుంచి అనేదానికి ఒక్కో ఆల్బమ్ ఒక్కో జవాబు చెబుతోంది.

మొదటిది బ్లాక్ సబ్బత్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ', 1971. ఆ బ్యాండ్ గాయకుడు ఆజీ ఆజ్‌బర్న్ 2025 జులై 22న పోయారు. అంతకు రెండున్నర వారాల ముందే, జులై 5న, బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో సింహాసనం లాంటి కుర్చీలో కూర్చునే చివరిసారి పాడారు. ఆయన పోయిన వారం ఈ ఆల్బమ్ మళ్లీ పెట్టాను. ఇంతవరకూ తీయలేదు, తీయాలనీ అనిపించడం లేదు.

దీని బరువు వెనక ఒక ప్రమాదం ఉంది. గిటారిస్ట్ టోనీ అయోమీకి 17 ఏళ్లప్పుడు, రేకులు కోసే ఫ్యాక్టరీలో కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. ఆ ఉద్యోగంలో అది ఆయనకు ఆఖరి రోజు. ఆయనది ఎడమచేతి వాటం, కాబట్టి కుడిచేతి వేళ్లే తీగలు నొక్కాలి. ఇక గిటార్ లేదనుకున్నాడు. అప్పుడు ఫ్యాక్టరీలో ఆయన పైవాడు జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. నిప్పులో చెయ్యి కాలి, రెండు వేళ్లు పనిచేయని స్థితిలో వాయించినవాడు జాంగో. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, వాటికి తోలు అతికించి, మళ్లీ మొదలుపెట్టాడు. సన్నటి తీగలు వాడాడు. ఈ ఆల్బమ్‌కి వచ్చేసరికి కొన్ని పాటల్లో శ్రుతిని మూడు సెమీటోన్లు (అరస్వరాలు) కిందికి దించాడు. తీగ వదులైతే వేళ్లకు శ్రమ తగ్గుతుంది. శబ్దం కూడా మారుతుంది. వదులు తీగను గట్టిగా కొడితే అది వెడల్పుగా ఊగుతుంది, స్వరం క్షణంపాటు కాస్త పక్కకు తూలి మళ్లీ నిలబడుతుంది. ఆ తూలడమే మనకు బరువుగా వినిపిస్తుంది. బేస్ వాయించే గీజర్ బట్లర్ కూడా తన తీగలను అంతే దించాడు. ఇద్దరూ మంద్రంలో ఒకే రిఫ్ పట్టుకుంటే ఏది గిటార్, ఏది బేస్ అని విడదీయలేం. ఆ తర్వాత వచ్చిన డూమ్, స్లడ్జ్, స్టోనర్ (నెమ్మదిగా, బరువుగా సాగే మెటల్ శాఖలు) బ్యాండ్లన్నీ ఈ ఆల్బమ్ దగ్గర అప్పు తీసుకున్నవే.

ఈ మధ్యే నాకు పట్టుబడిన సంగతి ఒకటుంది. శ్రుతి దించిన బరువైన పాటల్లో మూడు, 'చిల్డ్రన్ ఆఫ్ ది గ్రేవ్', 'లార్డ్ ఆఫ్ దిస్ వరల్డ్', 'ఇంటు ది వాయిడ్', మూడింటికీ సరిగ్గా ముందు ఒక నెమ్మది ముక్క ఉంది. మొదటిదానికి ముందు అర నిమిషం కూడా లేని 'ఎంబ్రియో'. రెండోదానికి ముందు 'ఆర్కిడ్', నిమిషంన్నర అకూస్టిక్ గిటార్. మూడోదానికి ముందు 'సాలిట్యూడ్', అందులో అయోమీ ఫ్లూట్ కూడా వాయించాడు. ఆజీ గొంతు ఎంత మెత్తగా ఉంటుందంటే పాడుతున్నది వేరే మనిషేమో అనిపిస్తుంది. ఇన్నేళ్లూ ఆ చిన్న ముక్కలను ఖాళీ పూడ్చడానికి పెట్టారనుకున్నాను. అవి చెవిని ఖాళీ చేయడానికి ఉన్నాయి. 'ఆర్కిడ్' ఆగి 'లార్డ్ ఆఫ్ దిస్ వరల్డ్' మొదటి దెబ్బ పడ్డప్పుడు నా భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. మొత్తం ఆల్బమ్ 34 నిమిషాలు. అంత తక్కువలో అంత పని.

రెండోది మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్', 1986 మార్చి. దీని గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి నా ప్రశ్నకు సంబంధించింది మాత్రం చెబుతాను. ఇందులో చాలా పాటలు మామూలు శ్రుతిలోనే ఉన్నాయి. బరువంతా గాయకుడు, గిటారిస్ట్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ కుడిచేతిలో ఉంది. టైటిల్ పాటలో నిమిషానికి రెండువందల బీట్లు దాటిన వేగంలో కూడా ఆయన తీగను పైనుంచి కిందికే కొడతాడు. కిందికీ పైకీ మార్చి కొడితే శ్రమ సగమవుతుంది, కానీ ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ పలుచగా పడుతుంది. అన్నీ కిందికే కొడితే ప్రతి దెబ్బా ఒకే బరువుతో రోకటి పోటులా దిగుతుంది. ఇంట్లో గిటార్ ఉంటే ఒక్క నిమిషం అలా ప్రయత్నించి చూడండి, ముంజేయి పట్టేస్తుంది.

అదే పాటలో మూడున్నర నిమిషాల దగ్గర అంతా ఆగిపోయి గిటార్ శుభ్రంగా, నెమ్మదిగా మోగుతుంది. ఆ భాగంలో వచ్చే సోలో లీడ్ గిటారిస్ట్ కర్క్ హామెట్‌ది అనుకుంటారు చాలామంది. అదీ హెట్‌ఫీల్డే. అంతసేపు రోకటి పోట్లు పడిన చేయి అంత మృదువుగా పాడటం వింటే పాట ఎనిమిదిన్నర నిమిషాలు ఎందుకు ఉండాలో అర్థమవుతుంది. 'ఓరియన్' అనే వాద్య రచనలో మాత్రం బేస్ క్లిఫ్ బర్టన్‌ని వినండి. మధ్యలో అన్నీ తప్పుకుని ఆయన ఒక్కడే నడక మొదలుపెడతాడు, మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆ నడకలో కలుస్తారు. ఆల్బమ్ వచ్చిన ఏడాదే సెప్టెంబర్ 27న స్వీడన్‌లో బ్యాండ్ బస్సు బోల్తా పడి ఆయన పోయాడు. 24 ఏళ్లు. తర్వాతి ఆల్బమ్ 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్'లో బేస్ దాదాపు వినపడదు. రెండూ పక్కపక్కన వింటే బేస్ అనే వాద్యం చేసే పని ఏమిటో ఏ పుస్తకమూ చెప్పనంత బాగా తెలుస్తుంది.

స్లేయర్ 'రెయిన్ ఇన్ బ్లడ్' కూడా అదే ఏడాదిది. పది పాటలు, 29 నిమిషాలు. నిర్మాత రిక్ రూబిన్ అప్పటి మెటల్ రికార్డుల్లో మామూలుగా ఉండే గుహలాంటి ప్రతిధ్వనిని తీసేశాడు. ఏదీ సాగదు, ఏదీ మోగుతూ ఉండిపోదు. అంత వేగంలోనూ డ్రమ్మర్ డేవ్ లొంబార్డో కాళ్లతో కొట్టే దెబ్బలు ఒక్కొక్కటీ విడిగా వినపడతాయి. మొదటి నెలలోనే ఇది వినమని మీకు చెప్పను. సాహిత్యం కూడా కర్కశంగా ఉంటుంది, మొదటి పాట నాజీ డాక్టర్ మెంగెలే దురాగతాల మీద. అరగంట తీరిక దొరికి, ఒంట్లో చిరాకు పేరుకున్న రోజున నేను వినేది మాత్రం ఇదే.

ఇక్కడ ఆగి మోత సంగతి చెప్పాలి, మీరు పడుతున్న ఇబ్బందిలో సగం దీనివల్లే. డ్రమ్ మీద కర్ర పడినప్పుడు శబ్దం ఒక్క క్షణం పైకి లేచి పడిపోతుంది. ఆ లేవడం తెలియాలంటే దాని చుట్టూ కాస్త ఖాళీ ఉండాలి. 1990ల నుంచి, పక్క పాటకంటే తమ పాట గట్టిగా వినపడాలని, మాస్టరింగ్‌లో (రికార్డును విడుదలకు సిద్ధం చేసే చివరి దశలో) మెల్లని భాగాలను పైకి లాగి, పైకి లేచే దెబ్బలను కోసేసి, అన్నింటినీ ఒకే ఎత్తుకు తెచ్చే పద్ధతి పెరిగింది. మెటాలికా 2008 ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. అదే ఏడాది ఆ పాటలు ఒక గిటార్ వీడియో గేమ్‌లో కూడా వచ్చాయి, అందులో అంతగా నొక్కలేదు. అభిమానులు రెండూ పోల్చి చూసి, గేమ్‌లోవే బాగున్నాయని, ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేయమని సంతకాలు సేకరించారు. పాటలు అవే, వాయించినవాళ్లూ వాళ్లే. ఒకటి వింటే అలసట, ఇంకోటి వింటే ఉత్సాహం. కాబట్టి పాత ఆల్బమ్ ఏదైనా వింటూ చెవులు త్వరగా అలసిపోతుంటే, అది కొత్తగా గట్టిగా చేసిన రీమాస్టరేమో చూడండి. మొదట వచ్చిన మాస్టర్ దొరికితే అది వినండి.

మళ్లీ వరసలోకి. నాలుగోది, నాకు అన్నింటికంటే దగ్గరిది, ఆలిస్ ఇన్ చెయిన్స్ 'డర్ట్', 1992. కొందరు దీన్ని గ్రంజ్ (1990ల సియాటిల్ రాక్) అంటారు, కొందరు మెటల్ అంటారు, నాకు ఆ తగాదా అక్కర్లేదు. మొదటి పాట 'దెమ్ బోన్స్' ఏ ఉపోద్ఘాతమూ లేకుండా ఒక కేకతో మొదలవుతుంది. రిఫ్ ఏడు మాత్రల నడక. చరణంలో అలా కుంటుతూ వెళ్లి, కోరస్‌లో నాలుగుకి మారగానే నేల దొరికినట్టు ఉంటుంది. పాట రెండున్నర నిమిషాలే.

కానీ ఈ ఆల్బమ్ బరువు గిటార్లో కంటే గొంతుల్లో ఎక్కువ. గాయకుడు లేన్ స్టేలీ, గిటారిస్ట్ జెర్రీ కాంట్రెల్ ఇద్దరూ కలిసి పాడతారు. మామూలుగా ఇద్దరు కలిసి పాడితే తియ్యదనం రావాలి. వీళ్లు ఎంచుకునే స్వరాల దూరం అలాంటిది కాదు. రెండు గొంతులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వెళ్తాయి, వింటుంటే గుండెలో ఏదో మెలిపెట్టినట్టు ఉంటుంది. 'రూస్టర్' వినండి. కాంట్రెల్ తన తండ్రి వియత్నాం యుద్ధ అనుభవం మీద రాసింది. రూస్టర్ అనేది ఆ తండ్రి ముద్దుపేరు. మొదట కూనిరాగంలా మొదలై, ఎవరో దూరం నుంచి నడిచి వస్తున్నట్టు పాట దగ్గరికొస్తుంది. గిటార్ పూర్తిగా విరుచుకుపడే సరికి మనం అప్పటికే ఆ మనిషి పక్కన ఉంటాం. నాకు ఈ పాట పూర్తిగా అర్థమైంది నా ముప్పైల్లో. అంతవరకూ కోరస్ కోసం వినేవాణ్ణి. ఒకరోజు కళ్లు మూసుకుని మొదటి చరణంలో స్టేలీ ఊపిరి తీసుకునే చోట్లు మాత్రమే విన్నాను. ఎక్కడా తొందర లేదు. అంత గొంతు ఉండి, అంతసేపు దాచుకోవడం మాటలు కాదు.

ఈ ఆల్బమ్ రికార్డింగ్ మొదలైన రోజుల్లోనే, 1992 ఏప్రిల్ చివర్లో, లాస్ ఏంజిలిస్‌లో అల్లర్లు చెలరేగాయి. బ్యాండ్ పని ఆపి, స్లేయర్ గాయకుడు టామ్ అరాయాతో కలిసి కొన్నాళ్లు ఎడారి వైపు వెళ్లిపోయింది. ఆల్బమ్‌లో 'ఐరన్ గ్లాండ్' అనే చిన్న ముక్కలో వినిపించే కేక అరాయాదే. చివరి పాట 'వుడ్?' పేరులోనే ప్రశ్నార్థకం ఉంది. 1990లో చనిపోయిన మరో గాయకుడు ఆండ్రూ వుడ్‌ని తలుచుకుంటూ రాసింది, ముగింపు కూడా ప్రశ్నతోనే, టక్కున. ఒక జాగ్రత్త: ఇందులో చాలా పాటలు మాదకద్రవ్యాల ఊబి గురించే, స్టేలీ స్వయంగా అందులో ఉండి పాడినవి. 2002లో అదే ఆయన్ని తీసుకుపోయింది. మనసు బాగాలేని రోజున ఒంటరిగా కూర్చుని ఈ ఆల్బమ్ పెట్టకండి. నేను పెట్టను.

స్టేలీ పోయింది 34 ఏళ్లకు. అంతకు నాలుగు నెలల ముందే, 2001 డిసెంబర్‌లో, అదే 34 ఏళ్లకు, మెదడులో కణితితో చక్ షుల్డినర్ పోయాడు. ఆయన బ్యాండ్ డెత్, నా ఐదో ఆల్బమ్ ఆ బ్యాండ్‌దే: 'సింబాలిక్', 1995. డెత్ మెటల్ అనే పేరు విని భయపడేవాళ్లకు నేను ముందు ఇచ్చేది ఇదే. గొంతు కర్కశంగానే ఉంటుంది. కానీ గిటార్లు పాడే రాగాలు ఒకసారి వింటే మర్నాడు మనకు తెలియకుండానే కూనిరాగం తీస్తాం. జీన్ హోగ్లన్ డ్రమ్స్‌లో చిన్న చిన్న తాళాల మోగుడు ఎక్కడెక్కడ పెట్టాడో పట్టుకోవడానికి నేను వరసగా మూడు వారాలు విన్నాను, ఇంకా కొత్తవి దొరుకుతున్నాయి. చివరి పాట 'పెరెన్నియల్ క్వెస్ట్' అకూస్టిక్ గిటార్‌తో ముగుస్తుంది. అంత రణగొణ తర్వాత ఆ ముగింపు వింటే లేచి వేరే పాట పెట్టబుద్ధి కాదు.

ఇక గ్రౌల్ గురించి. ముందు ఒక అపోహ తీసేయాలి: అది గొంతు చించుకుని అరవడం కాదు. మామూలుగా పాడేటప్పుడు కంపించే స్వరతంత్రులకు కాస్త పైన ఇంకో జత మడతలు ఉంటాయి. పొట్ట నుంచి ఊపిరిని అదుపుగా వదులుతూ వాటిని కూడా కంపింపజేస్తే ఆ గరగర వస్తుంది. సాధన చేసినవాళ్లు ఏళ్ల తరబడి రోజూ గంటన్నర పాడగలరు, చేయనివాళ్లు పది నిమిషాల్లో గొంతు పాడుచేసుకుంటారు. దాన్ని పాటగా వినకండి, మాట కోసం వెతక్కండి. డ్రమ్స్ పక్కన ఇంకో తాళవాద్యం అనుకోండి. అది పలికే అక్షరాలు దరువుతో ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో వినండి. నాకు గ్రౌల్ ఎక్కింది అలాగే, ఆరు నెలలు పట్టింది.

ఆ ఆరు నెలలూ నేను విన్న ఆల్బమ్ ఇప్పుడు మళ్లీ రొటేషన్‌లో ఉంది: స్వీడన్ బ్యాండ్ ఓపెత్ 'బ్లాక్‌వాటర్ పార్క్', 2001. ఇందులో మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ ఒక్కడే రెండు గొంతులతో పాడతాడు. ఒకటి నేల అడుగు నుంచి వచ్చే గ్రౌల్, ఇంకోటి జోలపాట పాడేంత మెత్తని గొంతు. ఒకే పాటలో, కొన్నిసార్లు ఒకే వాక్యం తిరిగే చోట, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారిపోతాడు. పోర్క్యుపైన్ ట్రీ బ్యాండ్‌కు చెందిన స్టీవెన్ విల్సన్ నిర్మాణంలో పాలుపంచుకున్నాడు, అక్కడక్కడా పాడాడు కూడా. పియానో, అకూస్టిక్ గిటార్ అంత శుభ్రంగా పొరలు పొరలుగా వినపడటంలో ఆయన చెయ్యి ఉంది.

మొదటి పాట 'ది లెపర్ అఫినిటీ' పది నిమిషాలు దాటుతుంది. తుఫానులా నడిచి, చివర ఒంటరి పియానోతో ఆగుతుంది. మీరు దాంతో మొదలుపెట్టకండి. మూడో పాట 'హార్వెస్ట్' వినండి ముందు. ఆరు నిమిషాలు, గ్రౌల్ లేదు, చాలావరకు అకూస్టిక్. అది నచ్చితే తర్వాతి పాట 'ది డ్రేపరీ ఫాల్స్'కు వెళ్లండి. అందులో మొదట చాలాసేపు మెత్తని గొంతే ఉంటుంది, గ్రౌల్ వచ్చేసరికి పాటతో మనకు పరిచయం అయిపోయి ఉంటుంది. అప్పుడు ఆ గరగర బయటి నుంచి దాడి చేసినట్టు ఉండదు, అంతసేపు మెత్తగా మాట్లాడిన మనిషే ఇక ఓర్చుకోలేక నోరు విప్పినట్టు ఉంటుంది. టైటిల్ పాట పన్నెండు నిమిషాలు, చివరన ఉంది. దానికి ముందు రెండు నిమిషాలు కూడా లేని 'ప్యాటర్న్స్ ఇన్ ది ఐవీ', గిటార్, పియానో మాత్రమే. అయోమీ 'ఆర్కిడ్'తో చేసిన పనే ముప్పై ఏళ్ల తర్వాత వీళ్లూ చేశారు. ఓకర్‌ఫెల్ట్‌కు అదేమీ యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ఓపెత్ మొదటి ఆల్బమ్ పేరు కూడా 'ఆర్కిడ్'.

గ్రౌల్ ఇక జన్మలో వద్దనుకుంటే, అదే బ్యాండ్ 2003 ఆల్బమ్ 'డామ్నేషన్' మొత్తం శుభ్రమైన గొంతే. మంచి ఆల్బమ్. కానీ అక్కడే ఆగిపోతే నాకు బాధగా ఉంటుంది.

రెయిన్‌బో 'రైజింగ్', 1976, గురించి క్లుప్తంగా. ఆరు పాటలు, 33 నిమిషాలు. రెండో వైపు ఉన్న రెండు పాటలే దాదాపు సగం ఆల్బమ్. వాటిలో 'స్టార్‌గేజర్' కోసమే నేను దీన్ని ఉంచాను. ఆకాశానికి గోపురం కట్టించే మాంత్రికుడు, రాళ్లు మోసే బానిసలు, అదీ కథ. కోజీ పవెల్ డ్రమ్స్ ఒక్కటే వాయించుకుంటూ మొదలుపెడతాడు. రానీ జేమ్స్ డియో గొంతు ఎనిమిది నిమిషాల పాటు ఒక్కో మెట్టూ పైకెక్కుతుంది, రిచీ బ్లాక్‌మోర్ గిటార్ వెనక ఆర్కెస్ట్రా చేరుతుంది. డియో బానిస వైపు నిలబడి పాడతాడు, మాంత్రికుడి వైపు కాదు. ఆ పాట బరువంతా అందులోనే ఉందని నాకనిపిస్తుంది.

ఎనిమిదోది కొత్తది. అమెరికాలోని డెన్వర్ బ్యాండ్ బ్లడ్ ఇన్కాంటేషన్, 2024 ఆల్బమ్ 'అబ్సల్యూట్ ఎల్స్‌వేర్'. రెండే రచనలు, ఒక్కొక్కటీ మూడు భాగాలు, మొత్తం 43 నిమిషాలు. బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో చేశారు. ఒక చోట డెత్ మెటల్ పూర్తి వేగంలో పోతుంటే హఠాత్తుగా నేల మాయమై, సింథసైజర్ల మధ్య తేలుతూ ఉంటాం. జర్మన్ ఎలక్ట్రానిక్ సంగీత బృందం టాంజరిన్ డ్రీమ్‌లోని థోర్స్టెన్ క్వాష్నింగ్ ఇందులో పాలుపంచుకున్నాడు. ఇంకో చోట పింక్ ఫ్లాయిడ్‌ను ఇష్టపడేవాళ్లు తలెత్తి చూసే గిటార్ సోలో ఉంటుంది. మొదటి రెండుసార్లు ఇవి అతుకులుగా వినిపించాయి. ఐదోసారికి అతుకు కనపడలేదు. కొత్త మెటల్‌లో ఏమీ లేదనే పాతకాలపు శ్రోతలకు నేను ఇదే చూపిస్తున్నాను.

ఇటీవల పక్కకు వెళ్లింది టూల్ 'లాటరలస్'. చెడ్డదై కాదు, టైటిల్ పాటలో అక్షరాలు ఫిబొనాచీ వరసలో 1, 1, 2, 3, 5, 8 అని పెరిగే తీరు లెక్కపెట్టడంలో పడి పాట వినడం మానేశాను. ఏడాది ఆగి మళ్లీ తెస్తాను. వంతు కోసం ఎదురుచూస్తున్నది ఫ్రెంచ్ బ్యాండ్ గొజీరా 2005 ఆల్బమ్ 'ఫ్రమ్ మార్స్ టు సిరియస్'.

వినే పద్ధతి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. షఫుల్ తీసేయండి. మొదటిసారి ఏమీ పట్టించుకోకుండా మొత్తం వినండి. రెండోసారి బేస్ ఒక్కదాన్నే వెంబడించండి, కష్టం, కానీ అక్కడే మోత విడిపోయి వాద్యాలుగా మారుతుంది. మూడోసారి సాహిత్యం ముందు పెట్టుకుని వినండి. మూడుసార్లు విన్నా పట్టకపోతే వదిలేయండి, తప్పేం లేదు.

హెడ్‌ఫోన్స్ ఖరీదైనవి కానక్కర్లేదు, రెండువైపులా పనిచేయాలి, అంతే. ఇది తేలిగ్గా అంటున్న మాట కాదు. చదువుకునే రోజుల్లో ఒకవైపు పోయిన ఇయర్‌ఫోన్స్‌తో ఐరన్ మెయిడెన్ 'పవర్‌స్లేవ్' ఏడాదికి పైగా విన్నాను. ప్రతి స్వరమూ కంఠతా వచ్చిందనుకున్నాను. ఒక స్నేహితుడి సెట్టు పెట్టుకున్న రోజున కుడి చెవిలో అప్పటిదాకా లేని గిటార్ ఒకటి మొదలైంది. డేవ్ మర్రే, ఏడ్రియన్ స్మిత్ చెరోవైపు నుంచి జంటగా వాయిస్తున్నారు. నేను ఏడాదంతా విన్నది అందులో ఒకరిని మాత్రమే. ఆ రోజు ఆల్బమ్ అయిపోయాక కూడా హెడ్‌ఫోన్స్ తీయలేదు, మళ్లీ మొదటికి తిప్పాను.

వాల్యూమ్ మాత్రం తగ్గించండి. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చని, 90 దగ్గరైతే 4 గంటలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒకసారి కచేరీలో స్పీకర్ల పక్కనే నిలబడ్డాను, మూడు రోజులు చెవిలో గుయ్ మంటూనే ఉంది. ఆ మూడు రోజులు పడిన టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ఇయర్‌ప్లగ్స్ లేకుండా కచేరీకి వెళ్లలేదు.

మీకు నేను చెప్పే వరస: మొదటి రెండు వారాలు 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఒక్కటే. ఆ తర్వాత 'డర్ట్', తర్వాత 'మాస్టర్ ఆఫ్ పపెట్స్', అప్పుడు 'హార్వెస్ట్' నుంచి ఓపెత్. మిగతావి మీ ఇష్టం. ఈ రాత్రే మొదలుపెట్టేట్టయితే ఒక్క మాట. 'సాలిట్యూడ్' దగ్గరికి వచ్చేసరికి శబ్దం మరీ చిన్నదైపోయిందని పెంచాలనిపిస్తుంది. పెంచకండి. అది పూర్తయ్యేదాకా అలాగే ఉండండి, 'ఇంటు ది వాయిడ్' దాని వెంటనే వస్తుంది.